పట్టాల పక్కన పుట్టిన పేట: చిలకలగూడ, లాలాగూడ చరిత్ర మీద కొన్ని మాటలు

చిలకలగూడ మీద పని చేస్తానంటే మొట్టమొదట నవ్వింది నాకు చరిత్ర చెప్పిన సారే. “దానికి చరిత్ర ఏముందయ్యా, స్టేషను పక్కన బస్తీ!” అన్నాడు. ఆయన ఒక్కణ్ణే తప్పుపట్టి లాభం లేదు. హైదరాబాద్ మీద వచ్చిన పుస్తకాలు తిరగేస్తే కుతుబ్‌షాహీలు, ఆసఫ్‌జాహీలు, వాళ్ళ దేవిడీలు, తోటలు, ముత్యాల దండలు. సికింద్రాబాద్ అనగానే రెసిడెంటు దొరలు, క్లబ్బులు, గడియార స్తంభం. ఈ రెండు నగరాలను మోసినవాళ్ళు, ఊడ్చినవాళ్ళు, రాళ్ళు కొట్టినవాళ్ళు, తోలు కుట్టినవాళ్ళు ఎక్కడ పడుకున్నారు, ఎక్కడ వండుకు తిన్నారు, వాళ్ళ పిల్లలు ఏ బడికి పోయారు అన్న ప్రశ్న ఆ పుస్తకాలకు రాదు. నేను పుట్టింది లాలాగూడ పక్క గల్లీలో. మా ఇంట్ల యూనివర్సిటీ మెట్లు ఎక్కినవాళ్ళలో నేనే మొదలు. కాబట్టి ఇది దూరం నుంచి చూసి రాస్తున్న రాత కాదని ముందే చెప్పుకుంటున్నా.

సికింద్రాబాద్ స్టేషను దాటి తూర్పుకు నడిస్తే చిలకలగూడ. ఇంకొంచెం పోతే మెట్టుగూడ, లాలాగూడ. దక్షిణానికి తిరిగితే సీతాఫల్‌మండి, నామాలగుండు, వారాసిగూడ, ఆ తర్వాత ఉస్మానియా యూనివర్సిటీ. ఇయ్యాల ఇదంతా నగరం నడిబొడ్డు. కానీ వందేండ్ల కింద ఇది ఊరి అంచు. అటు నిజాం హైదరాబాద్ కాదు, ఇటు దొరల కంటోన్మెంటూ కాదు. అంచున ఎవరుంటారో మనకు వేరే చెప్పనక్కరలేదు. పల్లెలో వాడ ఎక్కడుంటుందో నగరంలో ఈ పేటలు అక్కడ పుట్టినయి.

సికింద్రాబాద్ ఊరిగా పుట్టలేదు, దండుగా పుట్టింది. 1798లో నిజాం ఇంగ్లీషు కంపెనీతో సైన్య సహకార ఒప్పందం చేసుకున్నాడు. హుస్సేన్‌సాగర్‌కు ఉత్తరాన కంపెనీ పటాలాలు దిగినయి. 1806లో మూడో నిజాం సికందర్ జా పేరు మీద దానికి సికింద్రాబాద్ అని పేరుపెట్టారు. పాఠ్యపుస్తకం ఇక్కడితో ఆగుతుంది. కానీ పటాలం అంటే తుపాకులు పట్టిన సిపాయిలే కాదు. గుర్రానికి గడ్డి కోసేవాడు కావాలి, దాన్ని చూసుకునే సయీసు కావాలి. డేరాలు వేసేవాడు, నీళ్ళు మోసే భిస్తీ, డోలీ మోసే బోయీ, బట్టలుతికే చాకలి, పాయఖానాలు ఎత్తే మనిషి, జీనులు, బూట్లు కుట్టే మాదిగ కావాలి. వాళ్ళందరి ఆనవాళ్ళు పేట పేర్లలోనే ఉన్నాయి. ఘాస్‌మండి గడ్డి అమ్మిన చోటు. బోయిగూడ బోయీలది. కళాసిగూడ డేరాలు వేసిన ఖలాసీలది. కావడిగూడ పేరులోనే కావడి ఉంది. రాజుల పేర్లు పెట్టిన బజార్లకు చరిత్రకారులు పేజీలు పేజీలు రాశారు. పనిచేసినవాళ్ళ పేర్లు పడ్డ పేటలకు ఫుట్‌నోటు కూడా దక్కలేదు.

‘గూడ’ అనే మాట దగ్గర ఒక్క క్షణం ఆగాలె. కోస్తాలో గూడెం అంటే చాలాచోట్ల మాలమాదిగల వాడే. మా దిక్కు గూడ అంటే చిన్న పల్లె, ఏ కులందైనా కావొచ్చు. అయినా సికింద్రాబాద్ చుట్టూ ఇన్ని గూడలు ఒక్కచోట చేరటం ఉత్తిగనే జరగలేదనిపిస్తుంది. పెద్ద ఊరికి పేట, బజారు, ఆబాద్ అని పేర్లు వచ్చినయి. పనివాళ్ళకు గూడలు మిగిలినయి. భాషావేత్తలు దీన్ని ఒప్పుకుంటారో లేదో నాకు పట్టింపు లేదు.

దండు వెంట వచ్చినవాళ్ళలో తెలుగువాళ్ళే కాదు, మద్రాసు సైన్యం వెంట వచ్చిన తమిళ దళితులు కూడా ఉన్నారు. మద్రాసు సైన్యంలో పరయర్లు సిపాయిలుగా, సాపర్లుగా, దొరల ఇండ్లలో బట్లర్లుగా పనిచేశారు. పందొమ్మిదో శతాబ్దం చివర్లో ఇంగ్లీషువాళ్ళు ‘యుద్ధ జాతులు’ అనే సిద్ధాంతం పట్టుకొని అంటరానివాళ్ళకు సైన్యం తలుపులు మూసేసినా, అప్పటికే వచ్చినవాళ్ళు ఇక్కడే ఉండిపోయారు. సికింద్రాబాద్ దళిత సంఘాల్లో ‘ఆది ద్రావిడ’ అనే మాట వినిపించటం వెనక ఈ తమిళ గాలి ఉంది. మా గల్లీలో ఇప్పటికీ తమిళం, తెలుగు, ఉర్దూ ఒకే వాక్యంలో కలిపి తిట్టుకునే ముసలమ్మలు ఉన్నారు.

ఇంకో సంగతి. ఆషాఢంలో టీవీలన్నీ చూపించే లష్కర్ బోనాలు జరిగేది ఉజ్జయిని మహంకాళి గుడిలో. ఆ గుడి కట్టినవాడు రాజు కాదు, జమీందారు కాదు. సురిటి అప్పయ్య అనే మిలటరీ డోలీ మోసే మనిషి. 1813లో పటాలంతో ఉజ్జయిని పోయినప్పుడు కలరా తగిలిందని, ఊళ్ళో రోగం తగ్గితే అమ్మవారిని తెచ్చి పెడతానని మొక్కుకున్నాడని, 1815లో తిరిగొచ్చి నిలిపాడని చెప్తారు. లష్కర్ అంటేనే దండు. 2014లో బోనాలు రాష్ట్ర పండుగ అయినయి. వేదిక మీద పట్టుబట్టలు సమర్పించేవాళ్ళు మారుతుంటారు. కింద డప్పు కొట్టేవాళ్ళ కులం మాత్రం మారలేదు.

ఇగ రైలు దగ్గరికి వద్దాం. వాడి నుంచి సికింద్రాబాద్‌కు 1874లో రైలు వచ్చింది. ఖర్చు నిజాం ప్రభుత్వానిది, పెత్తనం ఇంగ్లీషువాళ్ళది. 1883లో నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే కంపెనీ లండన్‌లో ఏర్పడింది. 1889కల్లా లైను కాజీపేట మీదుగా బెజవాడకు చేరింది. 1893లో లాలాగూడలో రైలు పెట్టెలు బాగుచేసే వర్క్‌షాపు పెట్టారు. చిలకలగూడ, లాలాగూడ, మెట్టుగూడ ఇప్పుడున్న రూపం తీసుకోవటం ఇక్కడి నుంచే మొదలైంది.

ఈ నేల మీద మూడు రాజ్యాలు ఉండేవన్న సంగతి చాలామందికి తెలియదు. హైదరాబాద్ నిజాందే. సికింద్రాబాద్‌లో మాత్రం పాలన ఇంగ్లీషువాళ్ళది, అది 1945 దాకా సాగింది. రైలు పట్టాలు పోయిన భూమి మీద కూడా పోలీసు, కోర్టు అధికారం రెసిడెంటుదే. అంటే ఆలేరు అవతల దొర పొలంలో నిలబడ్డ మనిషి నిజాం రాజ్యంలో, దొర ఇలాకాలో ఉన్నట్టు. అదే మనిషి పది అడుగులు నడిచి రైలుకట్ట ఎక్కితే ఇంకో చట్టం కిందికి వచ్చినట్టు. కాగితం మీద ఇది దౌత్యం. వెట్టి చేసేవాడికి ఇది పారిపోయే దారి.

మా ముత్తాత అట్లా వచ్చినవాడే. మాది మాదిగ కుటుంబం. ఊళ్ళో మోటబావులకు తొండాలు, వార్లు, దొరకు చెప్పులు, గడీలోకి కబుర్లు మోయటం, చచ్చిన గొడ్డును ఎత్తటం, అన్నీ ఉత్తగనే. వెట్టిని అదుపు చేస్తూ నిజాం ప్రభుత్వం ఫర్మానాలు తీయకపోలేదు. ఊళ్ళో వాటిని చదివి వినిపించేవాళ్ళే వెట్టి చేయించుకునేవాళ్ళు. మా తాత చెప్పిన మాట: “మా నాయిన ఒక తెల్లారుగట్ల తోలుసంచిల ఆరె, కత్తి ఏసుకొని రైలుకట్ట పట్టుకొని నడిసిండు బిడ్డా. టికెట్టుకు పైసల్లేవు. పట్టాలు ఎటు పోతే అటు పోయిండు.” ఎన్ని దినాలు నడిచిండో తాతకూ తెలియదు. చేరింది మాత్రం లాలాగూడ.

ఆరె, కత్తి అక్కరకొచ్చినయి. ఆ కాలం వర్క్‌షాపుల్లో ప్రతి మిషనుకు వేరే మోటారు ఉండేది కాదు. పైకప్పు కింద పొడుగాటి ఇనుప కడ్డీ తిరుగుతుంటే, దాని మీదున్న చక్రాల నుంచి తోలు బెల్టులు కిందికి దిగి లేతులను, డ్రిల్లులను తిప్పేవి. బెల్టు తెగితే మిషను ఆగుతుంది. తెగిన బెల్టును అతుకు కనపడకుండా, చక్రం మీద ఎగరకుండా కుట్టాలంటే తోలు తెలిసినవాడే కుట్టాలె. ఊళ్ళో ఉత్తగ కుట్టిన అదే చేతికి ఇక్కడ నెలకింత అని జీతం. మన దగ్గర ఆధునిక పరిశ్రమ గురించి రాసేటోళ్ళు కొత్త యంత్రం, పాత కులవృత్తి అని రెండుగా విడదీస్తారు. ఆవిరి యంత్రం మాదిగ కుట్టు మీద నడిచిన సంగతి వాళ్ళ లెక్కలోకి రాదు. తర్వాత మిషనుకో కరెంటు మోటారు వచ్చింది, బెల్టుల పని పోయింది. అప్పటికి ముత్తాత లేడు.

ఇంత చెప్పి రైల్వేను విముక్తి ప్రదాతను చేస్తే అబద్ధం అవుతుంది. కులం రైలెక్కి పట్నం వచ్చింది. డ్రైవర్లు, గార్డులు తెల్లవాళ్ళు, ఆంగ్లో ఇండియన్లు. ఆఫీసుల్లో బాబులు చదువుకున్న పైకులాలవాళ్ళు. గ్యాంగుల్లో, బొగ్గు దగ్గర, షెడ్డులో బూడిద ఎత్తే పనిలో, పాయఖానాల దగ్గర మనోళ్ళు. ఆ కాలపు రైల్వేలన్నిటిలో లాగే ప్లాట్‌ఫారం మీద హిందూ నీళ్ళు వేరు, ముస్లిం నీళ్ళు వేరు. హిందూ నీళ్ళు పోసేవాడు బ్రాహ్మణుడు. అందుకే వాణ్ణి పానీ పాండే అన్నారు. ఇంజనుకు నీళ్ళు పట్టే మాలకు మనిషి గ్లాసులో నీళ్ళు పోసే హక్కు లేదు. ఇనుప ఇంజనుకు మైల పట్టింపు లేదు కాబట్టి బతికిపోయాం.

ఇండ్లు కూడా అంతే. ముందు బంగ్లాలు, వాటి చుట్టూ చెట్లు. తర్వాత ఆంగ్లో ఇండియన్ల క్వార్టర్లు, వాళ్ళ చర్చి, వాళ్ళ డాన్సు హాలు. ఆ తర్వాత కింది ఉద్యోగుల లైన్లు. లైన్లలో చోటు దొరకనివాళ్ళు, అంటే ఎక్కువమంది, బయట ఖాళీ జాగాలో గుడిసెలు వేసుకున్నారు. చిలకలగూడ చుట్టుపక్కల బస్తీలు చాలావరకు అట్లా లేచినవే. రైల్వేకు మనిషి పని కావాలి, మనిషి ఇల్లు అక్కర్లేదు. ఇంటి సంగతి వాడే చూసుకోవాలి, జాగా కాగితం వాడికి రాదు. పట్టాల పక్కన బతికినోళ్ళకు పట్టాలు లేవు. ఈ మాట మా బస్తీలో అందరూ నవ్వుకుంటూ అనేదే, నేను కల్పించింది కాదు.

అయినా జీతం జీతమే. నెలనెలా చేతికి రూపాయలు వస్తే మనిషి నడక మారుతుంది. దొర కనపడగానే చెప్పులు చేతిలో పట్టుకునే పని లేదు. దానికి తోడు మిషన్ బడులు. అటు వెస్లియన్ మిషన్, ఇటు ఇంగ్లీషు చర్చి బడులు, రోమన్ కాథలిక్ బడులు సికింద్రాబాద్‌లో ముందుగానే వచ్చినయి. ఊళ్ళలో అరుగు కింద కూడా కూర్చోనియ్యని పిల్లలు ఇక్కడ బెంచీ మీద కూర్చున్నారు. ఇంగ్లీషు నేర్చుకున్నారు. హైదరాబాద్ సంస్థానంలో దళిత ఉద్యమం ఎక్కడ పుట్టిందో చూడండి. గడీల కింద నలిగిన పల్లెల్లో కాదు, ఈ జంటనగరాల గల్లీల్లో. భాగ్యరెడ్డి వర్మ 1906లో జగన్మిత్ర మండలి, 1911లో మాన్య సంఘం పెట్టాడు. 1917లో బెజవాడలో పంచమ మహాసభకు అధ్యక్షుడై, మనం పంచములం కాదు ఆదిమవాసులం అని ఆది ఆంధ్ర పేరు పెట్టించాడు. ఆది హిందూ అనే పేరు 1931 హైదరాబాద్ జనాభా లెక్కల్లోకి ఎక్కేదాకా వదలలేదు. పాతికకు పైగా బడులు నడిపాడు. సికింద్రాబాద్ వైపు అరిగె రామస్వామి అచల బోధ చెప్తూ తాగుడు, జంతుబలి, జోగిని ఆచారం మానిపించే పని చేశాడు. హైదరాబాద్ అంబేద్కర్ అని పేరుపడ్డ బి.ఎస్. వెంకట్రావు సికింద్రాబాద్ మనిషే. 1947లో లాయక్ అలీ మంత్రివర్గంలో ఉన్నాడు. ఆయన నిజాం వైపు నిలబడ్డాడని ఇప్పటికీ వేలెత్తి చూపుతారు. కాంగ్రెసువాళ్ళు, ఆర్యసమాజంవాళ్ళు అప్పుడు దళితులకు ఏం ఇస్తామన్నారో కూడా పక్కన పెట్టి చూస్తే తప్ప ఆ నిర్ణయం అర్థం కాదు. ఈ సంఘాల లోపలి కథ కావాలంటే పి.ఆర్. వెంకటస్వామి 1955లో సికింద్రాబాద్ నుంచి ఇంగ్లీషులో అచ్చువేసిన ‘అవర్ స్ట్రగుల్ ఫర్ ఎమాన్సిపేషన్’ చదవాలి. రెండు భాగాల ఆ పుస్తకం తీయనిదీ దాచనిదీ లేదు. ఎవరు ఎవరితో తగువుపడ్డారో, మాలమాదిగల మధ్య చిచ్చు ఎట్లా రగిలిందో, పదవికి ఎవరు అమ్ముడుపోయారో అన్నీ రాశాడు. ఉద్యమంలో ఉండి ఉద్యమం గురించి అంత కుండబద్దలు కొట్టినట్టు రాసినవాళ్ళు మనలో తక్కువ.

ఇప్పుడు ఇద్దరు ఆడవాళ్ళ సంగతి చెప్పాలి. అసలు నన్ను ఈ పనిలోకి లాగింది వాళ్ళే.

జెట్టి ఈశ్వరీబాయి 1918లో చిలకలగూడలో దళిత కుటుంబంలో పుట్టింది. మిషన్ బడిలో, కీస్ హైస్కూల్లో చదివింది. పెళ్ళయి పూనా పోయింది. తిరిగి చిలకలగూడకే వచ్చి టీచరు పని చేసింది. బిడ్డను ఒంటరిగా పెంచుకుంటూనే బస్తీ ఆడవాళ్ళకు చదువు, కుట్టుపని చెప్పింది, గీతా విద్యాలయం పెట్టింది. 1950ల మొదట్లో చిలకలగూడ నుంచి సికింద్రాబాద్ మున్సిపాలిటీకి కౌన్సిలర్ అయింది. షెడ్యూల్డ్ కులాల ఫెడరేషన్‌లో, ఆ తర్వాత రిపబ్లికన్ పార్టీలో పనిచేసింది. టి.ఎన్. సదాలక్ష్మి 1928లో ఊరికి ఇంకో కొసన, బొల్లారంలో, మాదిగ ఇంట్లో పుట్టింది. అదీ దండు నీడే. కాంగ్రెసులో పైకొచ్చి 1960లో శాసనసభ డిప్యూటీ స్పీకర్ అయింది, ఆ కుర్చీలో కూర్చున్న తొలి మహిళ. దేవాదాయ శాఖ మంత్రిగా కూడా చేసింది. గుడిలోకి రానియ్యని కులం ఆడమనిషి చేతికి గుళ్ళ లెక్కలు వచ్చినయి. గోగు శ్యామల 2011లో తెచ్చిన ‘నేనే బలాన్ని’ లేకపోతే ఆమె బతుకు కూడా గాలికి పోయేది.

1967లో ఈ ఇద్దరూ నిజామాబాద్ జిల్లా ఎల్లారెడ్డిలో ఎదురెదురుగా నిలబడ్డారు. రిపబ్లికన్ పార్టీ ఈశ్వరీబాయి కాంగ్రెసు సదాలక్ష్మిని ఓడించింది. 1972లోనూ ఈశ్వరీబాయే గెలిచింది. మధ్యలో 1969 తెలంగాణ ఉద్యమం వచ్చింది. ఓడినామె, గెలిచినామె ఇద్దరూ అందులో ముందు నిలబడ్డారు. ఒక్క నగరంలో రెండు కొసల నుంచి వచ్చిన ఇద్దరు దళిత స్త్రీలు, నూటయాభై కిలోమీటర్ల దాకా దూరంలో ఉన్న పల్లెటూరి నియోజకవర్గంలో పోటీ పడటమంటే ఏమిటో ఆలోచించండి. పల్లెలు అప్పటికి అట్లాంటి నాయకురాళ్ళను తయారుచేసే స్థితిలో లేవు. దండు, రైలు పేటలు తయారుచేసి పంపినయి. తెలంగాణ ఉద్యమ చరిత్ర రాసినవాళ్ళు ఈ ఇద్దరి పేర్లు ఒక వరుసలో చెప్పి దాటిపోతారు. వాళ్ళ పేటల పేర్లు అది కూడా చెప్పరు.

1943లో అంబేద్కర్ వైస్రాయి కౌన్సిల్‌లో ఉన్నప్పుడు కేంద్ర ఉద్యోగాల్లో షెడ్యూల్డ్ కులాలకు 8.33 శాతం ఇస్తూ ఉత్తర్వు వచ్చింది. మాకు అది తగల్లేదు. ఎందుకంటే రైల్వే 1930 నుంచి నిజాం ప్రభుత్వం సొంతం. 1950లో భారత ప్రభుత్వం దాన్ని తీసుకుంది, 1951 నవంబరులో సెంట్రల్ రైల్వేలో కలిపింది. 1966 అక్టోబరు 2న సికింద్రాబాద్ కేంద్రంగా దక్షిణ మధ్య రైల్వే ఏర్పడింది. ఈ తేదీలు ఉద్యోగ పరీక్షలకు చదివే పిల్లలకు కంఠతా వస్తాయి. మా ఇంట్ల వీటి అర్థం వేరు. ముత్తాత కుట్టిన షెడ్డులోకి తాత ఖలాసీగా పోయిండు. రిజర్వేషన్ వచ్చాక పరీక్ష రాసి ఫిట్టర్ అయిండు. ఖలాసీ నుంచి ఫిట్టర్ కావటం అంటే చదివేవాళ్ళకు చిన్న సంగతి. మా నాయనమ్మకు మాత్రం గుడిసె నుంచి రెండు గదుల క్వార్టరు, నల్లా నీళ్ళు, రైల్వే దవాఖానా, ఏడాదికి పాసు. 1953 జనవరి 12న ఉస్మానియా అంబేద్కర్‌కు డాక్టరేట్ ఇచ్చిన రోజు తాత పోలేదు. “సోమారం. డ్యూటీ. పోతే జీతం కోత” అన్నడు. అది చెప్పినప్పుడల్లా చానాసేపు గమ్మున ఉండేటోడు.

1974 మే 8న మొదలైన రైల్వే సమ్మెలో ఆ క్వార్టరు ఎంత పచ్చిదో తెలిసింది. దేశమంతా సమ్మెలో ఉన్నవాళ్ళ కుటుంబాలను క్వార్టర్ల నుంచి బయటికి నెట్టారు. ఇరవై దినాల సమ్మె. మా నాయనమ్మ గిన్నెలు, పిల్లలతో మళ్ళా బస్తీలో అన్న ఇంటికి చేరింది. ఎర్రజెండా యూనియన్లు ఈ సమ్మె మీద పుస్తకాలు వేసినయి. ఆ పుస్తకాల్లో కార్మికుడికి కులం లేదు. కానీ క్వార్టరు పోయినప్పుడు పైకులపు కార్మికుడు ఊరికో, అద్దె ఇంటికో పోతాడు. మాదిగ కార్మికుడు తిరిగి మాదిగ బస్తీకే పోతాడు. వేరేచోట ఇల్లు ఎవడిస్తడు?

మన లోపలి మాట కూడా దాచకూడదు. బస్తీ అంటే అందరూ కలిసి బతికిన చోటని రాసేయటం తేలిక. మాలల గల్లీ, మాదిగల గల్లీ, మెహతర్ల లైను వేర్వేరు. నల్లా దగ్గర వరుస వేరు. మిషన్ బడిలోకి, రైల్వే గుమాస్తా పనిలోకి ముందు పోయినవాళ్ళు మాలలు. సంఘాల అధ్యక్షులూ వాళ్ళే ఎక్కువ. మాదిగలకు తోలు, డప్పు మిగిలినయి. మెహతర్లకు చీపురు, బుట్ట తప్ప ఇంకేం రాలేదు. 1994లో ఈదుముడిలో దండోరా మొదలైనప్పుడు మా గల్లీలో డప్పులు మోగినయట. పక్క గల్లీ మౌనంగా ఉంది. సదాలక్ష్మి చివరి ఏండ్లలో దండోరాకు అండగా నిలబడింది. 2000లో వర్గీకరణ చట్టం వచ్చింది, 2004లో సుప్రీంకోర్టు కొట్టేసింది, 2024 ఆగస్టు 1న ఏడుగురు జడ్జీల బెంచి తిరిగి ఒప్పుకుంది, 2025లో తెలంగాణ చట్టం చేసింది. అది న్యాయం. కానీ చట్టం వచ్చేసరికి పంచుకోవాల్సిన ఉద్యోగాలు ఎన్ని మిగిలినయన్నది ఇంకో లెక్క. దాని దగ్గరికి వస్తా.

1960లో సికింద్రాబాద్ మున్సిపాలిటీని హైదరాబాద్‌లో కలిపారు. నగరం తార్నాక, హబ్సిగూడ దిక్కుకు పాకింది. అంచున ఉన్న పేట నడుమకు వచ్చింది. రైల్వే, యూనివర్సిటీ ఉద్యోగులు సొసైటీలు పెట్టుకొని ప్లాట్లు కొన్నారు. అప్పటి నుంచి ఇక్కడ రెండు మాటలు పక్కపక్కనే ఉన్నాయి: కాలనీ, బస్తీ. ఒకే రోడ్డుకు ఇటూ అటూ ఉన్నా కాలనీకి గేటు, వాచ్‌మన్, సంక్షేమ సంఘం. బస్తీకి మురుగు కాలవ, ఓటరు లిస్టు. యూనివర్సిటీ పక్కన మాణికేశ్వర్ నగర్‌ను జనం ఇప్పటికీ వడ్డెర బస్తీ అనే అంటారు. 1939లో తెరిచిన ఆర్ట్స్ కాలేజీ రాయి మీద అందరూ కవిత్వం చెప్తారు. రాయి కొట్టిన కులం పేరుతో ఉన్న బస్తీ గోడ అవతల ఉంది.

రిసెర్చిలో చేరినప్పుడు నేను కాలనీల వైపు గది కోసం తిరిగిన. నాలుగు ఇండ్లలో ఒకే ప్రశ్న, నాలుగు రకాలుగా. “మీరేంట్లు?” “నాన్‌వెజ్ తింటారా?” “ఇంటిపేరేంటి?” ఒకాయన నేరుగా, “ఎస్సీలకు ఇయ్యం బాబూ, ఏమనుకోకు” అన్నడు. ఆ ఒక్కాయనకే నేను ఏమనుకోలేదు. మిగతా ముగ్గురు ఫోన్ చేస్తామన్నారు. అంటరానితనం పల్లెలోనే ఉందని క్లాసులో చెప్పేవాళ్ళు ఒకసారి టులెట్ బోర్డులు పట్టుకొని తిరిగి చూడాలి.

2007లో గ్రేటర్ అయింది. 2017 నవంబరులో మెట్రో వచ్చింది, మెట్టుగూడలో స్టేషను పెట్టారు. గజం ధర పెరిగింది. ధర పెరిగితే పట్టా ఉన్నవాడు బిల్డరుకిచ్చి రెండు ఫ్లాట్లు తెచ్చుకుంటాడు. పట్టా లేనివాడు భయపడతాడు. 2014 డిసెంబరులో తెలంగాణ ప్రభుత్వం 58వ నంబరు జీవో తీసి 125 గజాల దాకా ఆక్రమిత ఇంటి జాగాలను పేదలకు ఉచితంగా క్రమబద్ధం చేస్తామంది. కానీ అది రాష్ట్ర ప్రభుత్వ భూమికి. రైల్వే భూమి కేంద్రానిది. ఒకప్పుడు మా ముత్తాతను దొర నుంచి కాపాడిన ఆ వేరే చట్టమే ఇప్పుడు పట్టాల పక్కన గుడిసె వేసుకున్నవాడికి పట్టా రాకుండా అడ్డం నిలబడింది.

ఇగ ఉద్యోగాల లెక్క. గత పాతికేండ్లలో స్టేషన్ల శుభ్రం, పెట్టెలు కడగటం, దుప్పట్లు ఉతకటం ఒకటొకటే కాంట్రాక్టుకు పోయినయి. మనిషి మారలేదు, పని మారలేదు, ఉద్యోగం మాత్రం పోయింది. కాంట్రాక్టరు దగ్గర రిజర్వేషన్ లేదు. లేదంటే ఉన్నట్టే అనాలి, ఎందుకంటే ఊడ్చే పనికి వాళ్ళు తీసుకునేది ఎక్కువగా మన ఆడవాళ్ళనే. నూటికి నూరు శాతం రిజర్వేషన్ అని మా బస్తీలో ఎకసెక్కెం చేస్తారు. క్వార్టరు లేదు, పాసు లేదు, దవాఖానా లేదు. మా తాత ఒక పరీక్షతో ఎక్కిన మెట్టు ఇప్పుడు గోడలో కలిసిపోయింది. 2022 జూన్ 17న అగ్నిపథ్‌కు వ్యతిరేకంగా పిల్లలు సికింద్రాబాద్ స్టేషనులో రైళ్ళు తగలబెట్టారు. పోలీసు కాల్పుల్లో ఒక యువకుడు చనిపోయాడు. నాలుగేండ్ల సిపాయి ఉద్యోగం మీద వాళ్ళ కోపం. టీవీలో చర్చ చేసినవాళ్ళకు తట్టలేదు గానీ, ఈ ఊరిని పుట్టించినవి రెండే కొలువులు, పటాలం, రైలు. ఆ రెండూ కాంట్రాక్టు అవుతున్న రోజున, అదే స్టేషనులో ఆ మంట లేచింది.

2023 ఏప్రిల్‌లో స్టేషను కొత్తగా కట్టటానికి ప్రధాని శంకుస్థాపన చేశాడు. ఏడు వందల కోట్ల పైచిలుకు పని. 2025లో పాత స్టేషను భవనాన్ని కూలగొట్టారు. వారసత్వం పోయిందని పేపర్లో కొందరు బాధపడ్డారు, కమానుల ఫోటోలు వేశారు. ఆ వారంలో నేను లాలాగూడలో మా మేనత్త దగ్గర కూర్చొని పాత సంగతులు రాసుకుంటున్నా. ఆమె ప్లాట్‌ఫారం మీద ఊడుస్తుంది, కాంట్రాక్టరు కింద, తొమ్మిదేండ్లుగా. స్టేషను కూలగొడుతుంటే ఏమనిపించింది అత్తా అని అడిగిన. “దుమ్ము బాగ లేస్తుంది రా” అన్నది. “మనిషిని పెంచుమంటే పెంచరు. రెండు పూటలు ఊడుస్తున్న. కొత్తది అయినంక మిషన్లు తెస్తరంట, మమ్ములను ఉంచుతరో ఉంచరో మేస్త్రిని అడిగితే చెప్తలేడు.” నా నోటుబుక్కు చూసి, తాత పాసుబుక్కు, ముత్తాత ఆరె ఇంకా పాత ట్రంకుపెట్టెలో ఉన్నయి, కావాలంటే తీసుకపో, ఇంటికి ఎప్పుడేం నోటీసు వస్తదో తెలవదు అన్నది. ఆరె తెచ్చుకున్నా. పాసుబుక్కు చెదలు పట్టింది, తేదీలు సగమే చదవొస్తున్నాయి.